నాన్న క్షేమం, ఆ పాత పోస్టు తీసేయండి. ఇంకో చిన్న పని ఉంది

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్ నగర్ వరదలో మా అమ్మానాన్న చిక్కుకుపోయారని 2024 సెప్టెంబరు 1న నేను పెట్టిన పోస్టును మీలో చాలామంది షేర్ చేశారు. నాన్న క్షేమం. మొన్న గురువారం డయాలసిస్ కూడా మామూలుగానే అయింది. ఈ మాట ఎప్పుడో రాయాల్సింది. పటమటలో మామయ్యవాళ్ళింట్లో ఉండి, నీళ్ళు తీశాక వెళ్ళి ఇల్లు కడుక్కుని, తడిసిన బియ్యం, పరుపులు, పుస్తకాలు బయట పారేసి, తిరిగి హైదరాబాదు వచ్చి కూర్చునేసరికి ఇన్ని రోజులు పట్టింది. ఏమీ అనుకోవద్దు.

మాది పైపుల రోడ్డు దగ్గర ఒక సందులో మొదటి అంతస్తు. శనివారం కురిసిన వానకి అమ్మ పెద్దగా కంగారు పడలేదు. వాన పడితే మా సందులో మోకాలి లోతు నీళ్ళు నిలవడం మాకేం కొత్త కాదు. ఆదివారం పొద్దున మాత్రం ఫోన్ చేసి, "బుడమేరంట, మన మెట్ల మీదికి వచ్చేసింది" అంది. బుడమేరు మా వైపు పారే వాగు. మా ఇంటికి పదిహేడు మెట్లు. ఆ రోజంతా మా లెక్క వాటితోనే. ఎనిమిదింటికి నాలుగో మెట్టు, పదకొండింటికి ఏడో మెట్టు. సాయంత్రానికి తొమ్మిదో మెట్టు మునిగి, అక్కడ ఆగింది. కింద అద్దెకున్న వాళ్ళు పిల్లలతో సహా పైకి వచ్చేశారు. రెండు గదుల్లో ఎనిమిది మంది, కరెంటు లేదు, తాగడానికి ముందురోజు పట్టిన రెండు బిందెల నీళ్ళు.

నాన్నకి డెబ్బై ఒకటి. సోమవారం, గురువారం డయాలసిస్. ఒక్కటి తప్పినా కాళ్ళు, మొహం ఉబ్బిపోయి ఆయాసం మొదలవుతుంది. నేనేమో కూకట్‌పల్లిలో. కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కి బస్సులు ఆగిపోయాయి. హెల్ప్‌లైన్ నంబర్లన్నీ బిజీ. వాళ్ళని అనడానికీ లేదు, అన్ని వేలమంది ఒకేసారి అవే నంబర్లకి చేస్తుంటే. చేతిలో ఫోను ఒక్కటే ఉంది.

పదకొండున్నరకి మొదటి పోస్టు పెట్టాను. అది చాలామంది చూసి ఉండరు. నాన్న నన్ను ఎలా చదివించారో, ఎంత మంచివారో, దేవుడు ఎందుకిలా చేశాడో, అన్నీ రాసేశాను. రెండు గంటల్లో పందొమ్మిది ఏడుపు బొమ్మలు, ఆరు 'జాగ్రత్త'లు వచ్చాయి. మా బాబాయి కొడుకు ఫోన్ చేసి, "అక్కా, చదివితే ఏడుపొస్తోంది గానీ ఎక్కడికి పోవాలో మాత్రం తెలియట్లేదే" అన్నాడు. చచ్చేంత కోపం వచ్చింది. వాడన్నది నిజం కూడా. మళ్ళీ రాశాను. ఎక్కడ, ఎంతమంది, ఎందుకు అర్జెంటు, నా నంబరు. నాలుగే లైన్లు. చివర టైము.

ఇంకో ఇబ్బంది ఉంది, అది నాకు తర్వాత తట్టింది. నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నదంతా ఆఫీసు వాళ్ళు, అపార్ట్‌మెంటు వాళ్ళు, పెళ్ళిళ్ళలో కలిసే చుట్టాలు. సింగ్ నగర్ నీళ్ళలో పడవ వేసుకుని తిరుగుతున్న కుర్రాడు అందులో ఒక్కడూ లేడు. ఎందుకుంటాడు? అతని దాకా ఆ నాలుగు లైన్లు పోవాలంటే నాకు ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతుల మీదుగానే పోవాలి. అలాగే పోయింది. ఈ మధ్య తీరిగ్గా కూర్చుని, ఒక్కొక్కరినీ అడుక్కుంటూ వెనక్కి వెళ్ళి ఆ దారి పట్టుకున్నాను.

పదో తరగతి తర్వాత నేను ఒక్కసారి కూడా మాట్లాడని క్లాస్‌మేట్ రాజమండ్రిలో ఉంది. తను షేర్ చేసి ఊరుకోలేదు, తన ట్యూషన్ పిల్లల తల్లుల గ్రూపులో కూడా పెట్టింది. ఆ తల్లుల్లో ఒకామె గుంటూరులో ఉన్న తన మేనత్తకి పంపింది. ఆవిడ రిటైరైన టీచరు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నేను ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలి.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆవిడ ఫోన్ చేశారు. "ఏమ్మా, ఈ పోస్టు నువ్వు పెట్టిందేనా? ఇంకా అవసరం ఉందా, తీరిపోయిందా? ఆఖరుసారి అమ్మతో ఎప్పుడు మాట్లాడావు?" అని వరసగా అడిగారు. రాత్రంతా నిద్రలేదు నాకు. "షేర్ చేయాలనుంటే చేయండి, లేకపోతే లేదు, ఈ ఎంక్వైరీ ఎందుకండీ" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసి, నా పోస్టు పైన తన మాటగా ఒక లైను చేర్చి పంపారు: "కూతురితో ఇప్పుడే, 9.10కి మాట్లాడాను. ఇంకా పడవ రాలేదు. అవసరం నిజం."

ఆ లైను విలువ నాకు మధ్యాహ్నం తెలిసింది. ఆ రెండు రోజుల్లో విజయవాడ వాళ్ళ ఫోన్లలో ఇలాంటి పోస్టులు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. ఏది ఇప్పటిది, ఏది పాతది, ఎవరు ఆల్రెడీ బయటపడ్డారు అన్నది పడవ వాళ్ళకి తెలిసే దారి లేదు. బుడమేరు కట్ట ఇంకోచోట తెగిందంటూ ఊరూపేరూ లేని వాయిస్ మెసేజ్ ఒకటి మా అమ్మకే మూడుసార్లు వచ్చింది. అన్నిటి మధ్యలో, పేరు పెట్టి, టైము వేసి, 'నేను మాట్లాడాను' అని ఒక మనిషి పూచీ ఇచ్చిన పోస్టు మాదొక్కటే కనపడిందని తర్వాత ఆ కుర్రాళ్ళే చెప్పారట. టీచరుగారూ, ఆ రోజు నేను మాట్లాడిన తీరుకి మన్నించండి.

ఆవిడ పాత కొలీగ్స్ గ్రూపులోంచి కృష్ణలంకలో ఉండే ఒకావిడకి చేరింది. ఆవిడ వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. ఆ స్టేటస్ చూసింది ఆవిడ అక్క కొడుకు. మిగతా ఇద్దరితో కలిసి అప్పటికే ఫ్లైఓవర్ దగ్గర పడవలో మనుషుల్ని దింపుతున్నాడు. అతనికి ఫేస్‌బుక్కే లేదు. అంటే నేను ఏడ్చి ఏడ్చి రాసిన పోస్టు అతను అసలు చూడలేదు. పిన్ని స్టేటస్ చూశాడు, అంతే.

ఇంకొందరున్నారు. "డోర్ నంబరు రాస్తే లాభం లేదండీ, నీళ్ళలో అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటాయి, మేడ మీద ఎర్రటి గుడ్డ ఏదైనా కట్టమనండి" అని ఒకరు కామెంటు పెట్టారు. అమ్మ తన ఎర్ర మంగళగిరి చీర వాటర్ ట్యాంకు పైపుకి కట్టింది. కుర్రాళ్ళు సందు మొదట్లోంచే గుర్తుపట్టింది దాన్నే. అలాగే విశాఖలో డయాలసిస్ టెక్నీషియన్‌గా చేసే ఒకతను, ఎవరి షేర్‌లోనో చూసి మెసేజ్ పెట్టాడు. "మేడమ్, అక్కడ పంచేవి ఎక్కువగా అరటిపళ్ళు, కొబ్బరిబోండాలే ఉంటాయి. నాన్నగారికి రెండూ ఇవ్వనివ్వకండి, పొటాషియం పెరిగితే గుండెకి ప్రమాదం. ఉప్పగా ఉన్నవి కూడా వద్దు, దాహం ఆగదు." అమ్మ ఫోన్లో ఛార్జింగు ఆరు శాతం. రెండు గంటలకోసారి ఐదు నిమిషాలు ఆన్ చేయాలని మాట్లాడుకున్నాం. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఆన్ చేయగానే ఈ మాట చెప్పాను. "అయ్యో, ఇందాకే పడవ మీద వెళ్తూ ఎవరో అరటిపళ్ళ అత్తం ఇచ్చి వెళ్ళారే, ఒకటి తినేశారు" అంది. మిగతావి కింది వాళ్ళ పిల్లలకి పోయాయి. ఇన్నేళ్ళుగా డయాలసిస్ చేయిస్తున్నాం, అరటిపండు సంగతి మాకు తెలుసు. కానీ ఆకలి మీద ఎవరికి గుర్తుంటుంది?

డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు, తన స్నేహితురాలు మాకు రాత్రయ్యే టైముకి డ్యూటీ తీసుకున్నారు. కామెంట్లలో ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పడం, కొత్త విషయం తెలిస్తే పైన చేర్చడం, నన్ను రెండు గంటలైనా పడుకోబెట్టడం వాళ్ళ పని. వాళ్ళకి వేరే థాంక్స్ చెప్తే తిడతారు, వదిలేస్తున్నాను.

సోమవారం మూడున్నర దాటాక పడవ వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందని టీవీలో చూపిస్తున్న రోజు అదే. పడవ నేరుగా మెట్ల దగ్గరికే వచ్చిందట, తొమ్మిదో మెట్టుకి ఆనించారు. నాన్న ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, రక్తం తీసి ఎక్కించేది దాంట్లోంచే. "ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు నాయనా" అని అమ్మ అరిచేలోపే, ముందున్న కుర్రాడు తన నీలం రెయిన్‌కోటు విప్పి, నాన్నకి తొడిగి, ఆ చెయ్యి లోపల పెట్టి, "ఒరేయ్, ఈ సైడు ఎవరూ ముట్టుకోకండి. తాతా, నా మెడ పట్టుకో" అన్నాడట. సన్నగా చినుకు పడుతోంది. అతను మాత్రం బనీనుతో తడుస్తూ ఫ్లైఓవర్ దాకా తీసుకొచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. రాత్రి తొమ్మిదికి డయాలసిస్ మొదలైంది, నాలుగు గంటలు. ఒంటిగంటకి అమ్మ ఫోన్ చేసి, "దిగారు, నిద్రపోతున్నారు" అంది. అప్పుడు ఏడ్చాను.

ఇక మనసులో గుచ్చుకుంటున్నది ఒకటుంది, అది చెప్పకుండా థాంక్స్ చెప్పేసి వెళ్ళిపోతే బాగోదు.

సోమవారం సాయంత్రమే పోస్టు మొదట్లో 'బయటపడ్డారు, ఇక అవసరం లేదు' అని మార్చాను. షేర్ బటన్ నొక్కిన వాళ్ళ దగ్గరంతా అది మారింది. స్టేటస్ పెట్టినవాళ్ళది ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే పోయింది. కాపీ చేసి తమ వాల్ మీద పెట్టుకున్నవాళ్ళ దగ్గర, స్క్రీన్‌షాట్లు తీసి గ్రూపుల్లో వేసినవాళ్ళ దగ్గర మాత్రం మా నాన్న ఇంకా నీళ్ళ మధ్యే ఉన్నారు. ఒక స్క్రీన్‌షాట్‌లో అయితే తేదీ, టైము ఉన్న లైను కత్తిరించుకుపోయింది. బుధవారం మధ్యాహ్నం నేను పటమటలో అన్నం తింటుంటే ఫోను. "అక్కా, మీ సందు చివర ఉన్నాం, ఎర్ర చీర కనపడట్లేదు."

చీర అమ్మ తనతో తెచ్చేసుకుంది.

రెండు రోజుల కిందటే బయటికి వచ్చేశారని చెప్పాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. "సర్లే అక్కా, వచ్చేశారు కదా" అని పెట్టేశాడు. ఆ నీళ్ళలో అంత దూరం పడవ తోసుకుని వచ్చారు. ఆ గంటలో ఇంకో సందులో ఇంకెవరి కోసమో వెళ్ళాల్సిన పడవ. చవితి దాకా అలాంటి ఫోన్లు ఇంకో ఏడెనిమిది వచ్చాయి, పడవ మాత్రం ఆ ఒక్కసారే వచ్చింది. మంచి మనసుతో పంపినవాళ్ళని తప్పు పట్టట్లేదు. మొదటి పోస్టు కంగారులో టైము వేయనిది నేనే, దాని కాపీలు కూడా తిరిగాయి. మా పోస్టు ఇంకా ఎవరి వాల్ మీదైనా, గ్రూపులోనైనా ఉంటే దయచేసి ఇవాళే తీసేయండి.

ఇంతకు ముందు నేనెలాంటిదాన్నో కూడా చెప్పాలి. బ్లడ్ కావాలనే పోస్టు కనపడితే, 'నాది ఆ గ్రూపు కాదు కదా' అని కిందికి జరిపేసేదాన్ని. మా అత్తయ్య పొద్దున్నే నాలుగు పోస్టులు ఫార్వర్డ్ చేస్తే, గ్రూపు మ్యూట్ చేసి నవ్వుకునేదాన్ని. మొన్న ఒకటి కనపడింది, గుంటూరులో ఓ-నెగటివ్ కావాలని. ఫోన్ చేసి అడిగాను, ఇంకా కావాలా అండీ అని. "పొద్దున్నే దొరికిందమ్మా, పోస్టు తీయడం మర్చిపోయాం" అన్నారు. కామెంట్లో ఆ ముక్క రాసి బయటికొచ్చాను. టీచరుగారి ఫోను గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇప్పుడు ఆ చిన్న పని. నీలం రెయిన్‌కోటు మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆ కుర్రాడి ఫోను నీళ్ళలో తడిసి పనిచేయక, ఆ రోజు వేరేవాళ్ళ ఫోన్లోంచి చేశాడు. ఆ నంబరుకి చేస్తే, "ఫ్లైఓవర్ మీద ఎవరో కుర్రాడు అడిగితే ఇచ్చానండీ" అన్నారు. కృష్ణలంక పిన్నిగారి నంబరేమో టీచరుగారి గ్రూపులో ఎవరి దగ్గరా లేదట. ఎవరు ఎవరికి పంపారన్నది అక్కడ తెగిపోయింది.

కాబట్టి ఇది షేర్ చేయండి. మొత్తం అక్కర్లేదు, ఈ ఆఖరి ముక్క చాలు. సెప్టెంబరు 2, సోమవారం మధ్యాహ్నం, పైపుల రోడ్డు సందులో ఎర్ర చీర కట్టిన మేడ నుంచి ఒక తాతని దింపిన బాబూ, నీ రెయిన్‌కోటు మా దగ్గరుంది. ఇల్లు నీకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం వస్తే మిగతా ఇద్దరినీ కూడా తీసుకురా, భోజనానికి. నీకు ఫేస్‌బుక్ లేదని తెలుసు. మీ పిన్నిగారి స్టేటస్ దాకా వెళ్తే చాలు.