చిన్నాకి అమ్మ ఆశీస్సులు

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి షుగర్ కొంచెం అదుపులోకి వచ్చింది. కంచరపాలెంలో ఉక్కపోత ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, రాత్రి పది దాటినా ఆకు కదలట్లేదు. మధురవాడ హోమ్‌లో మీకు కొండ గాలి తగులుతుందేమో. ఆదివారం నీ ఫోన్ కోసం చూశాం. నాన్న ఫోన్ ఒళ్లో పెట్టుకుని చీకటి పడేదాకా వీధి అరుగు మీదే కూర్చున్నారు. అంతకు ముందు ఆదివారం కూడా చేయలేదు నువ్వు. పని ఒత్తిడి అయి ఉంటుందిలే.

అక్క కూతురికి పళ్లు వస్తున్నాయి, ఏది దొరికితే అది కొరుకుతోంది. మొన్న దాన్ని దింపడానికి రమణ బావ వచ్చి, మంగళవారం సాయంత్రం నిన్ను మద్దిలపాలెంలో వైన్ షాపు ఎదురుగా చూశానన్నాడు. బస్సు కోసం నిలబడి ఉంటాడని అన్నాను. నువ్వు రోజూ బస్సెక్కేది అక్కడే కదా. ఆ మాట అక్కడితో వదిలేశాం.

మామిడికాయలు పూర్ణా మార్కెట్ నుంచి తెప్పించి ఆవకాయ పెట్టాను. నీకు వెల్లుల్లి వేసింది వేరే సీసాలో తీశాను. బావ నిన్ను పిలిచాడట, నువ్వు వినిపించుకోలేదట. ట్రాఫిక్ గోలలో వినపడి ఉండదు.

మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు మాట. ఆయన షిప్‌యార్డులో వెల్డరు. చేతిలో అంత పని ఉండి, జీతం రోజున ఇంటికి ఏ అర్ధరాత్రో వచ్చేవారు. 1995లో సంక్రాంతి వెళ్లగానే, జనవరి 16 నుంచి రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన పుణ్యమే ఇదంతా అని పెద్దమ్మ రోజూ దణ్ణం పెట్టుకునేది. మొదట్లో పెదనాన్న కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం చొక్కా మీదే పడేది. తర్వాత తేరుకున్నారు. తాకట్టులో ఉన్న పుస్తెలతాడు విడిపించారు, ఇంటి పెంకులు మార్పించారు, పెద్దమ్మని సింహాచలం తీసుకెళ్లారు. యానాం నుంచి దొంగచాటుగా సరుకు తెచ్చుకునేవాళ్లు పిలిచినా వెళ్లలేదు. మానేశాడని ఊరంతా అనుకుంది, మేమూ అనుకున్నాం. 1997లో నిషేధం ఎత్తేశారు. షాపులు తెరిచిన సాయంత్రం షిఫ్టు దిగి సింధియాలో సైకిల్ ఆపారు. తెల్లారి రిక్షాలో తెచ్చి అరుగు మీద పడుకోబెట్టి వెళ్లారు ఎవరో. ఆ పుస్తెలతాడు మళ్లీ తాకట్టుకే పోయింది.

షాపులు మూసి ఉన్నన్నాళ్లూ ఆయనకి ఇబ్బంది రాలేదు. తెరిచి ఉన్న షాపు ముందు నుంచి ఇంటికి ఎలా రావాలో ఎవరూ నేర్పలేదు. మనసు అటు లాగిందని పెద్దమ్మతో చెబితే ఏడుస్తుందని భయం, ఇంకెవరితో చెప్పుకుంటారు? మందు మాన్పించడానికి ఆస్పత్రిలో ఉంచినప్పుడు నీ వార్డుకి తాళం ఉండేది. ఈ హోమ్‌కి లేదు. పొద్దున్నే పనికి వెళ్లి, అన్నీ దాటుకుని ఏడింటికల్లా తిరిగొచ్చి, మీటింగులో నలుగురి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. డబ్బు కట్టి నిన్ను అక్కడ ఉంచింది అందుకేరా. నెల ముందు వచ్చేస్తానని మాత్రం అనకు.

మద్దిలపాలెంలో ఊరికే నిలబడ్డావనుకో, అది కూడా కౌన్సెలర్ గారికి చెప్పు. పుచ్చుకున్నావనుకో, అదీ దాచకు, వెంటనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లమను. తాగుడు మానడానికి నీకిచ్చిన ఆ మాత్ర వాడేటప్పుడు మందు పడితే వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుందట. మాత్ర మానేసినా రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుందట. దగ్గు మందు కొన్నా అందులో ఆల్కహాల్ ఉందేమో అడిగి తీసుకో. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ కూడా వద్దు, పటిక వాడు, సంచిలో పెట్టాను.

ఆకలేసినా, కోపమొచ్చినా, ఒంటరిగా అనిపించినా, నిద్ర చాలకపోయినా మనసు అటే పోతుందని పెద్దవాళ్ల మీటింగులో కౌన్సెలర్ గారు చెప్పారు. మిగతా మూడింటికీ నేను చేయగలిగింది తక్కువ. ఆకలికి సున్నుండలు, చేగోడీలు పంపుతున్నాను. సాయంత్రం పని దిగగానే రెండు తిని, మంచినీళ్లు తాగి, అప్పుడు బస్టాపుకి వెళ్లు. ఆ పక్క నిలబడకు, అవతలి వైపు చెట్టు కింద నిలబడు. జీతం రాగానే వార్డెన్ గారి చేతికిచ్చేయి. తలకి నూనె రాసుకుంటున్నావా? దోమతెర చిరిగిందన్నావు, కొత్తది కూడా పెట్టాను.

బావ ఆదివారం వస్తాడు. నాలుగు ముక్కలు రాసి ఆయన చేతికియ్యి. జరిగింది జరిగినట్టు రాయి, నాన్నకి నేను చెప్పుకుంటాను.

అమ్మ