వార్షిక నివేదిక 2024–25: పునీత వాల్బుర్గా అధ్యయనం, ఐష్టెట్ యాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

జర్మనీలోని బవేరియాలో ఉంటున్న తెలుగు కతోలిక కుటుంబాల మన సంఘం గత సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం మేరకు, ఈ ఏడాది కార్యక్రమాలన్నీ ఐష్టెట్ పట్టణంలో సమాధి అయి ఉన్న పునీత వాల్బుర్గాను తెలుసుకోవడానికే కేటాయించాం. ఇంగోల్‌స్టాట్‌కు అంత దగ్గరలో ఉన్నా ఆమె పేరు మనలో చాలామందికి తెలియదు. తెలిసినవారికైనా ఏప్రిల్ 30న మంత్రగత్తెల పేరిట జరిగే ‘వాల్పుర్గిస్ రాత్రి’గానే తెలుసు. ఆమె అవశేషాల తరలింపును స్మరించే పండుగ మే 1న రావడం, దాని ముందురాత్రి ఇక్కడి పాత వసంత ఆచారాలతో కలిసిపోవడం వల్లే ఒక మఠకన్య పేరు మంత్రగత్తెలకు అంటుకుంది. బడి నుంచి మొనదేలిన నల్ల అట్టటోపీలతో వచ్చిన మన పిల్లలకు ఈ సంగతి చెప్పవలసి రావడమే తీర్మానానికి అసలు కారణం.

అక్టోబరు నుంచి జనవరి వరకు నాలుగు అధ్యయన సమావేశాలు జరిగాయి. సుమారు 710లో ఇంగ్లండులోని వెస్సెక్స్ రాజ్యంలో పుట్టి, విమ్‌బోర్న్ మఠంలో పెరిగిన వాల్బుర్గా, జర్మనీలో సువార్త ప్రకటిస్తున్న పునీత బోనిఫాసు పిలుపు మేరకు జర్మనీకి వచ్చిన మఠకన్యల్లో ఒకరు. అన్న వినిబాల్డ్ 752లో హైడెన్‌హైమ్‌లో స్థాపించిన మఠం బాధ్యతను, 761లో ఆయన కన్నుమూశాక ఆమె చేపట్టి, సన్యాసులకూ మఠకన్యలకూ కూడా అధ్యక్షురాలయ్యారు. ఆ కాలంలోనూ అది అరుదైన అధికారమే. 779 ఫిబ్రవరి 25న ఆమె పరమపదించారని సంప్రదాయం.

ఆమె ఏలుబడిలోని మఠంలోనే హుగెబుర్క్ అనే మఠకన్య, వాల్బుర్గా మరో అన్న, ఐష్టెట్ మేత్రాణులు (బిషప్) విల్లిబాల్డ్ పవిత్ర భూమి యాత్రను ఆయన నోటనే విని లాటిన్‌లో రాశారు. హుగెబుర్క్ తన పేరును గూఢలిపిలో దాచగా, దాన్ని 1931లో బెర్న్‌హార్డ్ బిషోఫ్ అనే పండితుడు ఛేదించారు. అందులోని ఒక ఘట్టాన్ని పిల్లలు పదేపదే చెప్పించుకున్నారు. విల్లిబాల్డ్ జెరూసలేములో కొన్న పరిమళ తైలాన్ని సొరబుర్రలో నింపి, రాతినూనె (పెట్రోలియం) పోసిన బోలు రెల్లుగొట్టాన్ని దాని మూతికి సమంగా కోసి అమర్చారట. తూరు రేవులో సుంకాధికారులు మూత తీసి చూస్తే రాతినూనె వాసనే కొట్టింది. దొరికి ఉంటే తల పోయేదే. పునీతుడు చేసిన దొంగరవాణాను పిల్లలకు ఎలా సమర్థించి చెప్పాలో తోచక తల్లిదండ్రులు కొంత ఇబ్బంది పడ్డ మాట నిజం.

ఫిబ్రవరి 25 పనిదినం కావడంతో యాత్రను మార్చి 1, శనివారానికి మార్చాం. ఐష్టెట్ ప్రధాన స్టేషను ఊరికి దూరంగా ఉంటుందని, అక్కడ చిన్న రైలు మారాలని సూచన పంపకపోవడం కార్యవర్గం పొరపాటు. రెండు కుటుంబాలు చలిలో తరువాతి రైలు కోసం నిలబడవలసి వచ్చినందుకు మన్నింపు కోరుతున్నాం. 1035లో ఏర్పడి, 1806లో రద్దయి, 1835లో రాజు మొదటి లుడ్విగ్ పునరుద్ధరించిన మఠంలో బెనెడిక్టీన్ మఠకన్యలు నేటికీ ఉన్నారు. సమాధి గది గోడల నిండా మేలు పొందినవారు పెట్టిన కృతజ్ఞతా ఫలకాలే. ఫిబ్రవరి అంటే గుణదల కొండ, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు గుర్తొచ్చే మనవారికి ఆ గోడ పరాయిదిగా అనిపించలేదు.

ఎక్కువ చర్చ ‘వాల్బుర్గా తైలం’ మీదే జరిగింది. 870 ప్రాంతంలో హైడెన్‌హైమ్ నుంచి తెచ్చిన అవశేషాల సమాధిని 893లో తెరచినప్పుడు అవి తడిగా కనిపించాయని వోల్ఫ్‌హార్డ్ అనే మతగురువు రాశారు. సంప్రదాయం ప్రకారం ఏటా అక్టోబరు 12 నుంచి ఫిబ్రవరి 25 వరకు సమాధి రాతి నుంచి ఊరే ద్రవాన్ని మఠకన్యలు సేకరించి చిన్న సీసాల్లో ఇస్తారు. పేరుకు తైలమే గాని అది నీరు. చల్లని రాతికి తేమ పట్టడమేనని మన ఇంజనీర్లు, దైవకృప అని పెద్దలు వాదించుకున్నారు. సీసాను ఔషధంగా కాక ప్రార్థనకు తోడుగా ఇంట్లో ఉంచుకోవాలని, అమ్మకానికి పెట్టకూడదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

వచ్చే మే నెలలో హైడెన్‌హైమ్ యాత్రను ప్రతిపాదిస్తున్నాం. చివరగా ఒక సవరణ: మనం పంచిన కరపత్రంలో విల్లిబాల్డ్ యాత్రా గ్రంథాన్ని వాల్బుర్గాయే రాశారని, పాత పుస్తకాలను నమ్మి అచ్చువేశాం. ప్రతులు ఉన్నవారు దయచేసి ఆ పేరు కొట్టివేసి, హుగెబుర్క్ అని రాసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి