మెమోరియల్ కప్పు 1972లో పుట్టలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆటల పేజీలో పది పన్నెండు రోజుల కిందట కెనడా జూనియర్ ఐస్ హాకీ చాంపియన్లకు ఇచ్చే మెమోరియల్ కప్పు గురించి ఒక చిన్న వార్త వేశారు. గుడివాడలో ఉంటున్న మా నాన్నగారు దాన్ని కత్తిరించి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించారు. మనవడు ఆడే ఆట గురించి తెలుగు పేపర్లో వచ్చిందని ఆయన సంబరం. అది చదివాక ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస లేదు. వెంటనే రాయబోతే, కోపం తగ్గాక రాయమని మా ఆవిడ ఆపింది. ఇన్ని రోజులైనా తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ వార్తకు మీరు పెట్టిన శీర్షిక ‘జూనియర్ స్టాన్లీ కప్’. స్టాన్లీ కప్పంటే ఇక్కడ పెద్దల ఐస్ హాకీలో అన్నిటికన్నా పెద్ద కప్పు. లోపల, ఈ కప్పు 1972లో మొదలైందని రాశారు. పక్కన పచ్చగడ్డి మీద కర్రలు పట్టుకుని పరిగెడుతున్న కుర్రాళ్ల ఫొటో. ఫొటో సంగతి వదిలేస్తాను, రాత్రి హడావుడిలో పేజీ కట్టేటప్పుడు పొరపాట్లు జరుగుతాయి. కానీ కప్పు పేరే మెమోరియల్ కప్పు కదండీ. ఎవరి జ్ఞాపకార్థం అని ఆ వార్త రాసినవాళ్లకు గానీ, దిద్దినవాళ్లకు గానీ, చివరికి ప్రింటుకు పంపినవాళ్లకు గానీ ఒక్కరికైనా అడగాలనిపించలేదా?

మేం ఒషావాలో ఉండబట్టి 18 ఏళ్లయింది. టొరంటోకి తూర్పున కార్ల ఫ్యాక్టరీ ఊరు. ఇక్కడి జనరల్స్ జట్టు ఈ కప్పును ఐదుసార్లు గెలిచింది, 1939, 1940, 1944, 1990, 2015లో. ఈ లెక్క ఇక్కడ బడికెళ్లే పిల్లలు కూడా చెబుతారు. 1944లో ఒషావా గెలిచిన కప్పు 1972లో ఎలా పుడుతుంది?

అది పుట్టింది 1919లో. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిస్తే, మరుసటి మార్చిలోనే మొదటి ఫైనల్ ఆడారు. అప్పటికి కెనడా జనాభా ఇంచుమించు 80 లక్షలు. యుద్ధంలో పోయినవాళ్లు 60 వేలకు పైనే, అందులో ఎక్కువమంది పెళ్లీడు కుర్రాళ్లు. వాళ్ల జ్ఞాపకార్థం ఒంటారియో హాకీ అసోసియేషన్ ఈ కప్పును ఇచ్చింది. ఆలోచన కింగ్‌స్టన్ ఊరికి చెందిన కెప్టెన్ జేమ్స్ సదర్లాండ్‌ది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆయనే ఆ అసోసియేషన్ అధ్యక్షుడు. హాకీ ఆడే కుర్రాళ్లందరూ సైన్యంలో చేరాలని పిలుపిచ్చింది ఆయనే, తర్వాత తనూ సముద్రం దాటి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చాడు, ఆయన ఎరిగిన కుర్రాళ్లలో చాలామంది రాలేదు.

వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. స్కాటీ డేవిడ్‌సన్ కింగ్‌స్టన్‌లో సదర్లాండ్ చేతి కింద జూనియర్ ఆట నేర్చుకున్నవాడు. 1914లో టొరంటో జట్టు స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ అతనే. ఏడాది దాటిన కొద్ది నెలలకే, 1915 జూన్‌లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. రెండోవాడు జార్జ్ రిచర్డ్‌సన్, అదే ఊరు, 1916 ఫిబ్రవరిలో పోయాడు. తర్వాత్తర్వాత తూర్పు ప్రాంత జూనియర్ చాంపియన్లకు ఇచ్చే ట్రోఫీకి ఈ రిచర్డ్‌సన్ పేరే పెట్టారు. పొమ్మని చెప్పిన పెద్దాయన, వెళ్లి రానివాళ్ల కోసం పెట్టించిన కప్పు ఇది. అలాంటిదాన్ని మీరు ‘జూనియర్ స్టాన్లీ కప్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. స్టాన్లీ కప్పు 1892లో గవర్నర్ జనరల్ ఇచ్చిన బహుమతి. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడలేదు.

1919లో మొదటి ఫైనల్ టొరంటోలో జరిగింది. యూనివర్సిటీ ఆఫ్ టొరంటో స్కూల్స్ జట్టు, పడమటి నుంచి రెజైనా ప్యాట్రీషియా జట్టు. రెండు ఆటల గోల్స్ కలిపి లెక్కేస్తే 29-8, పడమటివాళ్లు చిత్తుగా ఓడిపోయారు. కానీ ఆ రెజైనా జట్టు పేరు చూడండి, ప్రిన్సెస్ ప్యాట్రీషియా పేరిట ఉన్న సైనిక దళాన్ని బట్టి పెట్టుకున్నది. ఆ జట్టు ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ దాన్ని ప్యాట్స్ అనే పిలుస్తారు.

ఇక మీరు రాసిన 1972 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. అంతకు ముందు ఏటా తూర్పు చాంపియన్, పడమర చాంపియన్ తలపడేవాళ్లు. 1949లో మాంట్రియల్, బ్రాండన్ జట్ల మధ్య ఎనిమిది ఆటలు పట్టింది విజేత తేలడానికి. 1957లో ఉత్తరాన ఎక్కడో ఉన్న ఫ్లిన్ ఫ్లాన్ అనే గనుల ఊరి కుర్రాళ్లు గెలుచుకుపోయారు. 1966లో మా ఒషావా తరఫున, తర్వాత హాకీ దిగ్గజమైన బాబీ ఆర్ ఆడినా ఎడ్మంటన్ చేతిలో ఓడాం. ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ దాని గురించి బాధగా మాట్లాడతారు. 1971లో తూర్పు ఫైనల్‌లో గొడవలైపోయి, క్యుబెక్ సిటీకి మళ్లీ ఆడటానికి రామని సెయింట్ క్యాథరిన్స్ జట్టు సిరీస్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఏడు, తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న గీ లఫ్లోర్ ఉన్న క్యుబెక్ రెంపార్స్ కప్పు గెలిచింది. ఆ మరుసటేడు, 1972లో, ఒంటారియో, క్యుబెక్, పడమటి లీగ్ చాంపియన్లు ముగ్గురినీ ఒక్కచోట చేర్చి టోర్నమెంటుగా మార్చారు. మారింది ఆడే పద్ధతి. అప్పటికి కప్పుకు 53 ఏళ్లు. ఎవరో ఏజెన్సీవాళ్లు పంపిన ఇంగ్లిష్ ముక్కలో ‘ప్రస్తుత రూపంలో’ అన్న మాట ఉండే ఉంటుంది, తెలుగు చేసేటప్పుడు అది ఎగిరిపోయింది.

ఆ ఒక్క మాటతో 53 ఏళ్ల పిల్లల ఆట, దాని వెనకున్న చావులు అన్నీ ఎగిరిపోయాయి.

తప్పంతా మీదేనని అనను. ఇక్కడి నిర్వాహకులు కూడా ఈ కప్పును నెమ్మదిగా అంగడి సరుకు చేసేస్తున్నారు. స్మారకం పేరు ముందు కొన్నేళ్లు కంపెనీ పేరు తగిలించారు. 1983 నుంచి నాలుగో జట్టుగా ఆతిథ్యమిచ్చే ఊరి జట్టును నేరుగా ఆడనిస్తున్నారు. మొదటి ఏడాదే ఆతిథ్యమిచ్చిన అమెరికా ఊరు పోర్ట్‌లాండ్ గెలిచేసింది. 2017లో విండ్సర్, 2022లో సెయింట్ జాన్, రెండు జట్లూ తమ లీగ్ ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండులోనే ఇంటికి పోయాయి. తర్వాత నెల రోజులకు పైగా ఖాళీగా ఉండి, సొంత ఊళ్లో జాతీయ చాంపియన్లయ్యాయి. కుర్రాళ్లను తప్పుపట్టను, వాళ్లు చెమటోడ్చి ఆడారు. కానీ స్టేడియం నింపడం కోసం పెట్టిన నిబంధన ఇది, నాకు ఏనాడూ నచ్చలేదు. లీగ్ గెలిచి, బస్సుల్లో వందల కిలోమీటర్లు తిరిగి వచ్చిన జట్టుకు అది అన్యాయం.

2008లో కిచెనర్‌లో గెలిచిన జట్టు కెప్టెన్ కప్పును తోటి ఆటగాడికి అందిస్తుండగా పైభాగం పీఠం నుంచి ఊడొచ్చింది. నకలు కప్పే కాబట్టి అసలుకేమీ కాలేదు. ఇంటర్నెట్‌లో ఈ కప్పు గురించి వెతికితే ముందు వచ్చేది ఆ వీడియోనే. జనం నవ్వుకుంటూ షేర్ చేస్తారు. నాకు నవ్వు రాదు.

మంచి పని కూడా జరిగింది, అది చెప్పకపోతే నాది తప్పవుతుంది. 2010లో ఈ కప్పును అన్ని యుద్ధాల్లో, పోరాటాల్లో ప్రాణాలిచ్చిన కెనడా సైనికులందరికీ అంకితం చేశారు. టోర్నమెంటు మొదలయ్యేటప్పుడు సైనికులు దగ్గరుండి కప్పును తీసుకొస్తారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా ఒక్క ఏడాది ఆగని పోటీ ఇది, 2020లో, 2021లో కరోనా వల్ల ఆగింది.

నాకింత పట్టింపు ఎందుకంటే, మా ఊళ్లో ఇలాంటి కప్పు ఒకటి ఉండేది. సైన్యంలో చనిపోయిన మా ఊరి కుర్రాడి పేరు మీద సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెట్టేవాళ్లు. కోర్టు పక్కన కుర్చీలో అతని ఫొటో, దండ, అగరొత్తులు. పక్క కుర్చీలో వాళ్లమ్మ. ఫైనల్ అయ్యాక కప్పు ఆవిడ చేతికిస్తే, చీర కొంగుతో ఒకసారి తుడిచి అప్పుడు గెలిచినవాళ్లకు ఇచ్చేది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, అంతసేపూ అరుచుకున్నవాళ్లు, ఆ ఒక్క నిమిషం నోరెత్తేవాళ్లు కాదు. తర్వాత ఎవరో నాయకుడు డబ్బులిస్తానన్నాడు. బ్యానర్ మీద ఆయన ఫొటో పెద్దదైంది, కుర్రాడి పేరు కింద చిన్న అక్షరాల్లోకి పోయింది, రెండేళ్లకు అదీ లేదు. ఇప్పుడు ఆ పోటీలు ఎవరి పేరున మొదలయ్యాయో ఊళ్లో పిల్లలకు తెలియదు.

పేర్లు ఇలాగే పోతాయి. ఫుట్‌బాల్‌లో సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, ఆ మరుసటేడు వరసగా గెలిచింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. సంతోష్ అంటే ఎవరో ఆటగాడి పేరనుకునేవాళ్లే ఎక్కువ. అది బెంగాల్‌లో ఒక జమీందారీ, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. మన జట్లు గెలిచిన కప్పు గురించి మన పేపర్లలో ఈ సంగతి చివరిసారి ఎప్పుడు రాశారు? ఐపీఎల్ వేలం వచ్చిందంటే ఎవరికెన్ని కోట్లో రెండు పేజీలు రాస్తారు. ఎన్నారై పేజీ నిండా సంఘాల ఎన్నికలు, శాలువాల ఫొటోలు. ఇక్కడి తెలుగు పిల్లలు తెల్లవారుజామున ఐదింటికి రింక్‌కు వెళ్లి, వేళ్లు కొంకర్లు పోతుంటే స్కేట్స్ లేసులు కట్టుకుంటున్నారు. వాళ్ల ఆట గురించి నాలుగు ముక్కలు రాస్తే, అందులో సంవత్సరం తప్పు, ఫొటో తప్పు, పేరుకు అర్థం తప్పు.

మా అబ్బాయికి పదమూడేళ్లు. యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే నవంబరు 11న బడిలో చొక్కాకు ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడతాడు. తాతయ్య పంపిన ముక్క నన్ను చదివి వినిపించమన్నాడు. 1972 దగ్గరికి వచ్చేసరికి, “అదేంటి డాడీ, తాతయ్య పేపర్లో తప్పుందా?” అన్నాడు. అవునని చెప్పాల్సి వచ్చింది.

నేను అడిగేది ఒక్కటే. సవరణ వేయండి. ఆరో పేజీలో అడుగున కనబడని అక్షరాల్లో కాకుండా, ఆటల పేజీలోనే, ఆ వార్త వేసిన చోటే వేయండి. 1919 అని, యుద్ధంలో చనిపోయిన కుర్రాళ్ల జ్ఞాపకార్థమని రెండు వాక్యాలు చాలు. మా నాన్నగారు ఆ పాత ముక్కను బీరువా అద్దానికి అంటించుకున్నారు. ఫోన్లో ఎంత చెప్పినా, పేపర్లో అలా రాశారు కదరా అంటున్నారు. మీరు సవరణ వేస్తే దాన్నీ కత్తిరించి పక్కనే అంటిస్తానన్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒషావా, కెనడా