తగ్గిన బరువు నిలవాలంటే ఇంటి వంట మారాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నల్గొండ బస్టాండు పరిసరాల గోడల మీద, క్లాక్ టవర్ వైపు తిరిగే ఆటోల వెనుక, పొద్దున్నే పత్రిక మడతలో నుంచి జారిపడే కరపత్రాల్లో “నెల రోజుల్లో పది కిలోలు తగ్గండి” అన్న ప్రకటన కనిపించని వారం లేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో లెక్కలు చెప్పిన దాన్ని కాబట్టి ముందుగా ఆ లెక్కనే మీ పాఠకుల ముందు పెడతాను. ఒంట్లోని ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. పది కిలోలకు 77,000, అంటే నెలలో రోజుకు 2,500 పైచిలుకు. నా వయసు ఆడమనిషి శరీరం రోజంతా ఖర్చు చేసేదే సాధారణంగా 2,000 కేలరీల లోపు ఉంటుంది. నెలంతా పచ్చి మంచినీళ్ల మీద ఉన్నా అంత లోటు పడదు. ఆ ప్రకటనలు చెప్పే పది కిలోలు అంతా కొవ్వు కాదు, అందులో నీరు, కండ కూడా ఉంటాయన్న సంగతి ఈ ఒక్క భాగహారంతోనే తెలిసిపోతుంది.

ఇది తెలిసి కూడా నేను మోసపోయాను. 2018లో నా బరువు 78 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. మా కాలనీలో ఒక ఇంటి ముందు గదిలో నడిచే బరువు తగ్గించే కేంద్రానికి తోటి ఉపాధ్యాయినులతో కలిసి వెళ్లాను. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు పొడి కలిపిన పానీయం, మధ్యాహ్నం కొద్దిగా అన్నం. మూడు నెలల్లో 70కి వచ్చాను. బడిలో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత జుట్టు రాలడం మొదలైంది, రెండో అంతస్తులోని పదో తరగతి గదికి ఎక్కేసరికి కాళ్లు వణికేవి, నెలనెలా ఆ డబ్బాల ఖర్చూ భారమైంది. మానేశాను. ఏడాది తిరిగేసరికి 80 కిలోలున్నాను. ఆ మూడు నెలల్లో మీ ఇంట్లో నెలకు నూనె ఎంత పడుతుంది, చాయ్ ఎన్నిసార్లు తాగుతారు, రాత్రి ఎన్నింటికి తింటారు అని అక్కడ ఒక్కరూ అడగలేదు. నా ఇంటి వంట ఎలా ఉన్నదో అలాగే ఉన్నది, నేను మాత్రం మూడు నెలలు దానికి దూరంగా ఉండి మళ్లీ అక్కడికే చేరాను.

బరువు ఎందుకు తిరిగి వచ్చిందో తర్వాత మా డాక్టరు గారు విడమరచి చెప్పారు. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే మొదటి వారాల్లో కాలేయంలో, కండల్లో నిలవ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది, దానితో పట్టి ఉన్న నీరూ పోతుంది. త్రాసు మీద ముల్లు దిగడం చూసి మనం సంతోషిస్తాం. తగినంత మాంసకృత్తులు అందక, కండకు పని లేకపోతే కండ కూడా కరుగుతుంది. కండ తగ్గిన శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం మునుపటి కంటే పెరుగుతుంది. అలాంటి ఒంటికి పాత భోజనం తిరిగి మొదలుపెడితే జరిగేది అదే. నాలో పట్టుదల లేకనే బరువు పెరిగిందని ఏడాదిపాటు నన్ను నేను నిందించుకున్నాను. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అలా తమను తాము నిందించుకుంటున్న ఆడవాళ్లు నాకు ఇంకా కనిపిస్తూ ఉండటమే.

2020లో లాక్‌డౌన్ పడి అందరం ఇంట్లోనే ఉన్నప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటే షరతు పెట్టుకున్నాను: బతికినంత కాలం చేయలేనిది ఏదీ మొదలుపెట్టకూడదు. రెండు నెలలకు ఒక మార్పు, అది అలవాటైన తర్వాతే మరొకటి.

మొదట నూనె. కొత్త ఐదు లీటర్ల క్యాను తెరిచిన రోజు దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాశాను. మా అత్తమ్మ, మా వారు, నేను, ముగ్గురమే. సరిగ్గా ముప్పై ఒకటో రోజున అది ఖాళీ అయింది. జాతీయ పోషకాహార సంస్థ, మన హైదరాబాదు తార్నాకలోనే ఉన్న ఆ సంస్థ, 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి చూపిన నమూనాలో నూనె, కొవ్వులు కలిపి రోజుకు మనిషికి 27 గ్రాములు. మేము దాదాపు 50 గ్రాములు వాడుతున్నామని క్యాను మీది తేదీ చెప్పింది. గ్రాము నూనెకు 9 కేలరీలు. అంటే ఎవరి కంటికీ కనిపించకుండా ఒక్కొక్కరి కడుపులోకి రోజూ 200 కేలరీలు అదనంగా పోతున్నాయి. క్యానుతో నేరుగా మూకుట్లో పోయడం మానేసి చెంచాతో కొలిచి పోయడం మొదలుపెట్టాం, వేయించిన నూనెను మళ్లీ మళ్లీ వాడటం మానేశాం, చిక్కుడుకాయ, బెండకాయ వేపుళ్లకు బదులు పప్పులోనో పులుసులోనో వేశాం. ఇప్పుడు అదే క్యాను యాభై రోజులకు పైగా వస్తుంది. రుచి పోయిందని ఇంట్లో గొడవ జరిగింది మొదటి మూడు వారాలే.

తర్వాత అన్నం. బియ్యం డబ్బాలో ఉండే మా స్టీలు సోల నింపితే పావుకిలో పడుతుంది. రోజుకు నాలుగు సోలలు వండేవాళ్లం, ఇప్పుడు రెండు. ఇది చదివి ఆకలితో ఉంటున్నామనుకోవద్దు. కంచంలో ముందు కూర, పప్పు, ఆకుకూర పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటున్నాం. అంతకుముందు కంచం నిండా అన్నం పెట్టుకుని అంచున తొక్కు, కొంచెం కూర వేసుకునేవాళ్లం. “గింతే పెట్టుకుంటే కడుపు నిండుతదా బిడ్డా?” అని అత్తమ్మ మొదటి నెలంతా నా కంచంలోకి చూసి బాధపడ్డారు. గుడ్డో, పెసర్లో, గిన్నెడు పెరుగో తోడైతే నిజంగానే నిండుతుంది. ఆరో నెలలో ఆమె తన కంచంలో కూడా కూర ముందు పెట్టుకోవడం చూశాను.

చాయ్ గురించి రెండు మాటలు. ఒక చెంచా చక్కెర 20 కేలరీలు. రోజుకు ఐదు చాయ్‌లు, కప్పుకు రెండు చెంచాలైతే ఒక్క చక్కెరే 200 కేలరీలు. ఒక్కసారిగా మానలేకపోయాను, నెలకు అర చెంచా చొప్పున తగ్గించాను. ఇప్పుడు రెండే కప్పులు, చక్కెర లేకుండా.

ఈ సంగతిలో మన జిల్లా చరిత్ర కూడా ఉంది. నేను పుట్టింది దేవరకొండ వైపు పల్లెలో. మా నానమ్మ కాలంలో జొన్నరొట్టె, గటక, అంబలి రోజూ ఉండేవి, వరి అన్నం పండుగకో చుట్టం వస్తేనో. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువలకు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపంతా వరి పొలాలు, బియ్యం మిల్లులు అయ్యాయి. ఇప్పుడు రేషన్ షాపులో మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు, ఆ పథకం 2025 ఉగాది రోజున మన ఉమ్మడి జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. ఆకలి తెలిసిన ఇళ్లకు అది గొప్ప మేలు, దాన్ని నేను తప్పుపట్టను. పాతకాలం తిండి అంటూ మురిసిపోయేవారు ఆ కాలంలో ఎన్ని పూటలు పొయ్యి వెలగలేదో మరచిపోతున్నారు. మారింది మరొకటి. నాట్లు వేసి, కలుపు తీసి, కొడవలితో కోసి, మోపులు మోసిన మనుషులు తిన్నంత అన్నాన్ని, కోత మిషన్ వచ్చి పొలం గంటలో ఖాళీ చేస్తుంటే గట్టు మీద బండి ఆపుకుని చూసే మనం కూడా తింటున్నాం. బొంబాయికి, పుణెకు పనికి పోయి మట్టి మోసిన పాలమూరు కూలీ ఊరికి వచ్చి కిరాణం కొట్టు పెట్టుకుని కూర్చున్నా కంచం పాతదే.

దీనికి మందుగా ఇప్పుడు అందరూ చిరుధాన్యాలు చెబుతున్నారు. మా ఇంట్లో రాత్రి పూట జొన్నరొట్టెకు మారి నాలుగేళ్లయింది, అయినా ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు సమానం. తేడా పీచులో ఉంది: జొన్నలో సుమారు 10 గ్రాములైతే పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. రొట్టెను నమిలి తినాలి, నెమ్మదిగా తింటాం, రెండు రొట్టెలకే చాలనిపిస్తుంది. మేలంతా అక్కడే ఉంది. కొర్రలని చెప్పి కుప్పగా వండి నెయ్యి పోసుకుని తింటే బరువు తగ్గదు, అలా పెరిగినవారిని మా వీధిలోనే చూశాను.

డాబా మీద మొదలైన నడక తర్వాత ఎన్.జి. కాలేజీ గ్రౌండుకు, ఆదివారాలు పానగల్ ఉదయసముద్రం కట్టకు చేరింది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండలకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నడక ఒక్కదానితో నాకు బరువు పెద్దగా తగ్గలేదు, తగ్గిన బరువును నిలబెట్టింది మాత్రం నడకే. కండల కోసం జిమ్ములకు పోలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం పదిసార్లతో మొదలుపెట్టి ముప్పైకి తెచ్చాను, నీళ్ల బిందె నేనే మోస్తున్నాను. అయితే ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయినవారు మర్రిగూడ వైపు నేటికీ ఉన్నారు. వారికి “పొద్దున్నే నడవండి” అని చెప్పడం న్యాయం కాదు. కూర్చుని చేసే కదలికలు వారికి నేర్పాలి.

దావత్‌లు తప్పవు. మాఘమాసంలో, శ్రావణంలో వారానికి రెండు పెళ్లిళ్లు వస్తాయి. దావత్‌లో తిన్నందుకు మర్నాడు పస్తు ఉండకూడదు, మర్నాటి పూట మామూలు కంచానికి వచ్చేయాలి. ఎన్నోసార్లు తప్పాను, ఒక దసరా వారంలో రెండు కిలోలు పెరిగాను, నెలలో పోయింది. ప్రతి ఆదివారం పొద్దున త్రాసు ఎక్కడం మాత్రం మానలేదు.

2022 నాటికి 69 కిలోలకు వచ్చాను. నాలుగేళ్లుగా 69, 71 మధ్యే ఉన్నాను. మన దేశస్థులకు బి.ఎం.ఐ. (కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. ఆ లెక్కన నాది 28, ఇప్పటికీ ఎక్కువే. అయినా 2019లో 6.1 ఉన్న నా మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఇప్పుడు 5.6. షుగర్ అంచున ఉన్నవారు బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గిందని అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. 2006లో చెన్నై వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో మనవారికి కూడా జీవనశైలి మార్పుతో ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. ఇంత మేలుకు సన్నబడిపోవలసిన పని లేదు. బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్ల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. డాక్టరు చూసి అవసరమైనవారికి ఇస్తే అవి పనిచేస్తాయి, కానీ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనలో తేలింది. వాటిని వాడేవారికి కూడా కంచం మారక తప్పదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి పదిమంది స్త్రీలలో ముగ్గురు, పురుషులలో ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. కాబట్టి ఇది ఇంటి ఆడవాళ్ల సొంత విషయంగా మిగలకూడదు. మీ పత్రికకు నాది ఒక విన్నపం: నెలలో పది కిలోలన్న ప్రకటనలను దయచేసి తీసుకోకండి. మున్సిపాలిటీ వారికి మరొకటి: తెల్లవారుజామున ఐదు గంటలకు గ్రౌండులో, చెరువు కట్టల మీద దీపాలు వెలగాలి, వీధి కుక్కల భయం లేకుండా ఆడవాళ్లు నడవగలగాలి.

ఆరోగ్య శాఖను అడిగేది అన్నిటికంటే చిన్నది. ముప్పై ఏళ్లు దాటిన వారందరి నడుం చుట్టుకొలతను ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి టేపుతో కొలిచి ఫారంలో రాస్తున్నారు. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. మా ఇంటికి వచ్చిన అమ్మాయి ఓపికగా కొలిచి, రాసుకుని, తర్వాతి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు అప్పజెప్పిన పని అంతే. కొలత ఎక్కువ వచ్చిన ఇంట్లో ఆమె ఇంకో పది నిమిషాలు కూర్చుని నూనె క్యాను ఎన్ని రోజులు వస్తుంది, సోలెడు బియ్యం ఎంతమందికి అని అడిగేలా శిక్షణ ఇవ్వాలని, ఆరు నెలల తర్వాత అదే టేపుతో అదే ఇంటికి మళ్లీ పంపాలని జిల్లా వైద్య ఆరోగ్య అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
నల్గొండ