రెండు శ్లాబుల గొడవ

విజయవాడ, సత్యనారాయణపురం
రోహిణి కార్తె, మధ్యాహ్నం మూడు గంటలు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. "రిటైరయ్యాక కాశీకి పోతావనుకుంటే కరెంటు పొదుపు కమిటీలో చేరావా" అని రాశావు చూడు, ఆ ముక్క మీ చెల్లెలు రెండుసార్లు పైకి చదివించుకుని మరీ నవ్వింది. ఈ ఇంట్లో నీకున్నంత మద్దతు నాకు లేదు. సరే, అడిగావు కాబట్టి మొత్తం చెప్తాను, ఓపికుంటే చదువు. లేకపోతే చివరి పేరా చదివి ఆ పని మాత్రం చెయ్యి.

ఎండల సంగతి నీకు కొత్తగా చెప్పాలా? రోళ్ళు పగిలే రోహిణి. మన చిన్నప్పుడు సాయంత్రం డాబా మీద నాలుగు బకెట్ల నీళ్ళు కొడితే శ్లాబు బుస్సుమని ఆవిరి వదిలేది, గుర్తుందా? ఆ తడి మీదే చాపలు పరిచి, నువ్వు నిద్రలో నన్ను తన్ని, తెల్లారేసరికి ఇద్దరం పిట్టగోడ దగ్గర తేలేవాళ్ళం. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ డాబాకి తాళం. తాళంచెవి సెక్రటరీ దగ్గర, సెక్రటరీ బెంగుళూరులో కూతురింట్లో. అందరం కింద ఇళ్ళల్లో ఏసీలేసుకుని తలుపులు బిగించుకుని పడుకుంటున్నాం.

కమిటీ పుట్టింది భూమాతని రక్షిద్దామని కాదు, నీళ్ళ మోటారు వల్ల. మా కామన్ మీటరు బిల్లు ప్రతి నెలా పెరుగుతూ పోయింది. మీటరు తప్పు చూపిస్తోందని కొందరు, వాచ్‌మన్ ఎవరికో లైను ఇచ్చాడని కొందరు, జనరల్ బాడీలో గొంతులు లేచాయి. రెండో అంతస్తులో ఒక ఫిజిక్స్ మాస్టారున్నారు, ఎప్పుడూ మాట్లాడరు. ఆ రోజు మాత్రం లేచి "పొద్దున్న ఐదింటికి ఎవరైనా నాతో డాబా మీదకి వస్తారా" అన్నారు. నేను వెళ్ళాను. ట్యాంకు నిండి, గొట్టంలోంచి నీళ్ళు ధారగా డ్రైనేజీలోకి పోతున్నాయి. ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ పాడై ఎన్ని నెలలైందో ఎవరికీ తెలీదు, వాచ్‌మన్ అందాజాగా వేసి అందాజాగా ఆపుతున్నాడు. మూడు హార్స్‌పవర్ మోటారంటే గంటకి రెండు యూనిట్ల పైన. రోజుకి రెండు గంటలు ఊరికే తిరిగితే నెలకి నూట ముప్పై యూనిట్లు. కొన్ని వందల రూపాయల స్విచ్‌తో పోయే పనికి మేం ఏడాదిగా ఒకళ్ళనొకళ్ళు దొంగలంటున్నాం!

తర్వాతి నెల బిల్లు తగ్గింది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు పిలిచారు, వెళ్ళాం. వాళ్ళ పక్కవాళ్ళు పిలిచారు. అలా తొమ్మిదిమందిమి పోగయ్యాం. మాస్టారు, నేను, ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడు, డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన, ఇంకో ఇద్దరు నాలాంటి పెన్షనర్లు, మూడో అంతస్తు పిన్నిగారు. పిన్నిగారి నోటికి కరెంటు ఆఫీసు వాళ్ళు కూడా లేచి కుర్చీ వేస్తారు. కమిటీకి పేరు లేదు. మూడు ఆదివారాలు పేరు మీదే కొట్టుకుని, నాలుగో ఆదివారం వదిలేశాం.

మేం చేసే పనిలో ఉపన్యాసాలు తక్కువ, చుక్కలు లెక్కపెట్టడం ఎక్కువ. నవ్వకు, చెప్తాను. మీ ఇంటి కరెంటు మీటరు మీద ఒక ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో 3200 అనో ఇంకో అంకో రాసుంటుంది. మా మీటర్లకైతే 3200. అంటే ఆ లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ కాలినట్టు. రాత్రి పదిన్నరకి లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, టీవీ అన్నీ ఆపి, ఫ్రిజ్ ఒక్కటి ఉంచి, వాచీ చూసుకుంటూ ఒక నిమిషం లెక్కపెడతాం. మూడు వస్తే ఆ ఇల్లు బంగారం. ఏడు దాటితే ఎక్కడో ఏదో తింటోందన్నమాట. టీవీ సెట్‌టాప్ బాక్సు, ముసలి ఇన్వర్టర్ బ్యాటరీ, స్విచ్ వేసి మర్చిపోయిన గీజరు. మెట్ల కింద చీకట్లో నలుగురు పెద్దమనుషులు మీటరు ముందు వంగి "ఒకటి... రెండు..." అని లెక్కపెడుతుంటే, ఒకసారి ఎదురింటి వాళ్ళు దొంగలనుకుని కుక్కని వదిలారు. ఆ కథ నువ్వొచ్చినప్పుడు ఇస్త్రీ ఆయన చేత చెప్పిస్తాను, ఆయన చెప్తేనే బాగుంటుంది. పరిగెత్తింది ఆయనే.

నీతులు చెప్తే వినే ఊరా మనది? పొదుపు చెయ్యండంటే "మా డబ్బు, మా కరెంటు" అంటారు. అదే వాళ్ళ మీటరు ముందు నిలబెట్టి లెక్కపెట్టిస్తే మాత్రం నోరు పడిపోతుంది. ఆ అంకె చెప్పింది మేం కాదు కదా, వాళ్ళ గోడకున్న పెట్టె.

రెండో మందు శ్లాబు, అంటే యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే బిల్లు మెట్లు. మాస్టారు ఒక అట్టముక్క మీద రాసి తిప్పుతుంటారు. మన రాష్ట్రంలో ఇప్పుడున్న లెక్కన మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75, అదీ దాటితే 9.75. ఫిక్స్‌డ్ చార్జీలూ, పాత సర్దుబాట్ల పేరుతో వేసేవీ వేరే. జనం ఏమనుకుంటారంటే, పది శాతం కరెంటు తగ్గిస్తే పది శాతం బిల్లు తగ్గుతుందని. కాదు, నువ్వు తగ్గించిందల్లా పై మెట్టు నుంచే తగ్గుతుంది. ఎండాకాలం మూడు వందలు దాటిన ఇంట్లో యాభై యూనిట్లు తగ్గితే నాలుగు వందల పైచిలుకు మిగిలినట్టే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 అటూఇటూ. మన ఊళ్ళో ఫ్యాను రోజుకి పద్దెనిమిది గంటలకి తక్కువ తిరగదు. ఒక్క ఫ్యాను మారిస్తే నెలకి దాదాపు పాతిక యూనిట్లు! ఈ లెక్క విన్న పచారీ కొట్టు ఆయన అప్పటికప్పుడు నాలుగు ఫ్యాన్లు మార్చేశాడు. ఆయనకి భూతాపం గురించి ఎవరూ చెప్పలేదు.

ఏసీ దగ్గరే మా బండి ఆగిపోయేది. స్టార్ ముద్ర ఉన్న ఏసీలు 2020 జనవరి నుంచి వేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని కేంద్రం రూలు పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అని వాళ్ళే చెప్తారు. మనవాళ్ళు వేయగానే రిమోట్ పట్టుకుని పద్దెనిమిదికి దించి, రగ్గు కప్పుకుంటారు. మొగల్రాజపురంలో ఒకావిడ మొహం మీదే అడిగింది. "అల్లుడొస్తే ఇరవై నాలుగులో పెట్టమంటారా? మా పరువేం కావాలి?" మాస్టారు శరీర ఉష్ణోగ్రత, గాలిలో తేమ అంటూ మొదలుపెట్టారు. పిన్నిగారు ఆయన్ని ఆపి, "అమ్మాయ్, అల్లుడు రాకముందే గంటసేపు ఏసీ వేసి గది చల్లబరుచు. వచ్చాక ఇరవై ఐదులో పెట్టి, ఫ్యాను రెండులో తిప్పి, రిమోట్ నీ కొంగులో కట్టుకో. చల్లగా ఉందా అని అడుగు, అంకె చెప్పకు" అంది. నెల తర్వాత ఆవిడే ఫోన్ చేసి, అల్లుడికి జలుబు చెయ్యడం మానేసిందని చెప్పింది.

పోయిన డిసెంబరు 14న, అదే జాతీయ ఇంధన పొదుపు దినం, మాకు ఒక సభ పెట్టాలని దుర్బుద్ధి పుట్టింది. ఎవరో సాయం చేస్తామన్నారు, ఒప్పుకున్నాం. వెళ్ళి చూస్తే పట్టపగలు పదకొండు గంటలకి షామియానా కింద ఎనిమిది ఫోకస్ లైట్లు, రెండు సౌండ్ బాక్సులు, వెనక దడదడలాడే జనరేటరు! ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. వచ్చాక కూడా ఆయన కారు ఏసీ కోసం ఇంజను ఆపలేదు. నేను సిగ్గుతో బ్యానరు వెనక నిలబడ్డాను. ఆ సభలో పనికొచ్చిందల్లా మాస్టారి తూకం. ఇస్త్రీ ఆయన బండి మీది బొగ్గులు, కూరగాయలమ్మి తక్కెడ తెప్పించి, అందరి ముందూ ఏడు వందల గ్రాములు తూచి బల్ల మీద పోశారు. "మన ఇబ్రహీంపట్నం థర్మల్‌లో ఒక యూనిట్ తీయాలంటే సుమారుగా ఇంత బొగ్గు కాలాలి" అన్నారు. వెంటనే మనసాగక, "ఇది కర్రబొగ్గు, అక్కడ వాడేది గని బొగ్గు, గమనించగలరు" అని కూడా అన్నారు. మాస్టారు కదా. అయినా ముందు వరసలో పిల్లలు లేచొచ్చి ఆ కుప్పని తాకి చూశారు. మనం కొండపల్లి వెళ్ళేటప్పుడు బస్సులోంచి ఆ పొగగొట్టాలు లెక్కపెట్టేవాళ్ళం గుర్తుందా? 1979లో 210 మెగావాట్లతో మొదలైంది. కొత్త 800 యూనిటుతో కలిపి ఇప్పుడు 2560 మెగావాట్లు. ఆ పొగ మన ఫ్యానుదేనని అప్పుడు ఎవడికి తెలుసు!

బావా, ఇంకో సంగతి. ఇది మాత్రం నవ్వులాట కాదు. సింగ్‌నగర్‌లో ఒక రేకుల ఇంటికి వెళ్ళాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన వీధి అది, గోడ మీద నీటి గీత ఇంకా నా ఛాతీ ఎత్తున ఉంది. ఒక గది, ఒక ఫ్యాను, ఒక బల్బు, ఒక టీవీ. నెలకి అరవై యూనిట్లు కూడా లేవు. నేను అలవాటు కొద్దీ అట్టముక్క తీశాను. ఆ ఇంటావిడ చూసి, చాలా మర్యాదగానే అడిగింది. "ఇంకా ఏం తగ్గించమంటారండీ? ఫ్యానా?" నాకు చెమట పట్టింది, ఎండకి కాదు. పిన్నిగారు కూడా మాట్లాడలేదు, ఆలోచించుకో.

బయటికొచ్చాక ఎలక్ట్రీషియన్ కుర్రాడు అన్నాడు, వీళ్ళకి కావాల్సింది పొదుపు కాదు సార్, చల్లదనం అని. మర్నాడు సున్నం కొన్నాం. రాత్రంతా నానబెట్టి, వడగట్టి, జిగురు కలిపి, సాయంత్రం ఎండ దిగాక రేకులు తడిపి రెండు పూతలు వేశాం. సిమెంటు రేకు మీద ఎక్కడ పడితే అక్కడ కాలు పెడితే గుభేలున లోపలికి పోతాం. బోల్టులు కొట్టిన వరస మీదే అడుగెయ్యాలి, కింద దూలం ఉండేది అక్కడే. పలక వేసుకుని కుర్రాడు పాకుతుంటే, కింద నేను నిచ్చెన పట్టుకుని ఇష్టదైవాలందరినీ తలుచుకున్నాను. ముందురోజూ తర్వాతరోజూ మధ్యాహ్నం మూడింటికి లోపల గోడకి ఒకే థర్మామీటరు పెట్టి చూస్తే మూడు డిగ్రీలు తేడా. వానలకి ఆ పూత కరిగిపోతుంది, ఏటా వెయ్యాలి. ఆ వీధిలో ఇప్పటికి పదకొండు ఇళ్ళకి వేశాం, ఇంకా అడుగుతున్నారు. బిల్లులో శ్లాబు ఉన్నవాళ్ళ దగ్గర చందా అడిగి, నెత్తిన శ్లాబు లేనివాళ్ళకి సున్నం కొంటున్నాం. చందాలిచ్చేవాళ్ళకి ఇది నచ్చడం లేదు. "మన కాలనీ డబ్బు అక్కడెందుకు" అని ఇద్దరు పెన్షనర్లు మీటింగులకి రావడం మానేశారు. మానెయ్యనీ.

సోలార్ సంగతి అడిగావు. ఇల్లు సొంతమై, డాబా నీదైతే ఆలోచించకు, పెట్టించు. మూడు కిలోవాట్లకి కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తోంది. ఒక్కో కిలోవాటు రోజుకి నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. మా అపార్ట్‌మెంట్‌కి కామన్ మీటరు కోసం పెట్టించుకుంటే కిలోవాటుకి 18,000 వస్తుంది. కానీ డాబా తాళంచెవి బెంగుళూరులో ఉందని చెప్పాను కదా. అంతకంటే రాస్తే బీపీ పెరుగుతుంది.

చివరిగా నా పరువు సంగతి. ఊరందరి మీటర్లూ చూశాక, ఒక రాత్రి కమిటీ మొత్తం మా ఇంటి మీద పడింది. అన్నీ ఆపి లెక్కపెడితే పదకొండు! అందరికంటే ఎక్కువ. పిన్నిగారు "దీపం కింద చీకటి" అని ఊరుకోక, ఆ మాట మెట్లమీద కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. ఇన్వర్టర్ బ్యాటరీ మార్చి, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీస్తే మూడు చుక్కలు తగ్గాయి. మూడంటే నెలకి నలభై యూనిట్లు, నా శ్లాబులో మూడు వందల యాభై రూపాయలు. మిగిలినవాటిలో ఏడు చుక్కలు ఫ్రిజ్‌వే. మా నాన్న పోయే ముందు ఏడు కొన్నది. ఎండాకాలం దాని కంప్రెసర్ ఆగడమన్నది లేదు, రోజుకి మూడు యూనిట్లు మింగుతుంది. ఎక్స్చేంజిలో ఇచ్చేద్దాం అమ్మా అన్నాను. అమ్మ మజ్జిగ గిన్నె లోపల పెడుతూ, "నన్ను కూడా కలిపి ఇచ్చెయ్యి, ఇంకాస్త తగ్గిస్తాడు" అంది.

అందుకని ఫ్రిజ్ ఉంది. దాని వెనక దుమ్ము దులిపి, గోడకి జానెడు దూరం జరిపాను, తలుపు రబ్బరు మార్పించాను. అంతే.

నాది ఇప్పుడు ఎనిమిది. ఈ రాత్రి పదిన్నరకి అన్నీ ఆపి, చెల్లెమ్మని వాచీ పట్టుకోమని, మీ మీటరు ముందు నిలబడి నిమిషం లెక్కపెట్టు. ముందు దాని మీద ఏ అంకె రాసుందో చూసుకో. ఎన్నొచ్చాయో మాత్రం నిజం రాయి, తగ్గించి రాస్తే పిన్నిగారిని రైలెక్కిస్తాను.

నీ
బావ