క్యూబులు పగిలాయి, ఇక రిపోర్టు

చి. శ్రావ్యకు,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రాజెక్ట్ రిపోర్టు డ్రాఫ్టు మొత్తం చదివాను. మీ నలుగురూ పని బాగానే చేశారు, రిపోర్టే ఆ పనిని దాచేస్తోంది. సిమెంటులో కొంత భాగానికి బదులు ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంట్లలో బొగ్గు కాలగా వచ్చే బూడిద) వేసి ఎం30 కాంక్రీటు (28 రోజులకు చదరపు మి.మీ.కు 30 న్యూటన్ల బలం రావాల్సినది) చేశారని మొదటి పేజీలోనే తెలిసింది. ఎంత వేస్తే ఏమైందో తెలియడానికి మాత్రం 43వ పేజీ దాకా వెళ్లాల్సి వచ్చింది. వైవాకు (మౌఖిక పరీక్షకు) వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు అంత ఓపిక ఉండదమ్మా. అబ్‌స్ట్రాక్ట్ చూస్తాడు, చివరి చాప్టర్ చూస్తాడు, పట్టికలు తిరగేస్తాడు, ప్రశ్న వేస్తాడు.

మీరు ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టి రాసుకుంటూ పోయినట్టున్నారు. అందుకే 14 పేజీలు సిమెంటు చరిత్రకే పోయాయి. వరస మార్చు. ముందు పట్టికలు, గ్రాఫులు తయారుచేసుకో. తర్వాత ప్రయోగ విధానం రాయి, ఆపైన ఫలితాలు, వాటి మీద చర్చ, ముగింపు. ఇంట్రడక్షన్ అప్పుడు రాస్తే మూడు నాలుగు పేజీల్లో తేలిపోతుంది, ఎందుకంటే దేనికి ఇంట్రడక్షనో అప్పటికి తెలిసి ఉంటుంది. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర. 250 మాటల్లోపు ఏం చేశారు, ఎలా చేశారు, ఎంత వచ్చింది, దాన్నిబట్టి ఏం తేలింది అన్నీ రావాలి. ఇప్పుడున్న దాంట్లో ఒక్క అంకె కూడా లేదు.

ప్రయోగ విధానానికి నాదొకటే పరీక్ష: వేరే కాలేజీ పిల్లలు మీకు ఫోన్ చేయకుండా అదే పని మళ్లీ చేయగలగాలి. నీ డ్రాఫ్టు అక్కడే తప్పింది. "సిమెంటు వాడాము" అని ఉంది. ఏ సిమెంటు? పీపీసీ (పోజొలానా సిమెంటు) అయితే ఫ్యాక్టరీలోనే అందులో ఫ్లైయాష్ కలుస్తుంది, ఐఎస్ 1489 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) ప్రకారం 15 నుంచి 35 శాతం దాకా. దానికి మీరు 20 శాతం కలిపితే అసలు మొత్తం ఎంతో ఎవరూ చెప్పలేరు, ప్రాజెక్టే కూలిపోతుంది. మీరు వాడింది ఓపీసీ 53 (ఏమీ కలపని మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు, 53 గ్రేడ్) అని ఫోన్‌లో చెప్పావు కాబట్టి ఆ మాట రిపోర్టులో రాయి. బస్తా మీది తయారీ వారం కూడా రాయి. ఫ్లైయాష్ ఏ థర్మల్ ప్లాంటుదో, ఐఎస్ 3812 ప్రకారం ఏయే పరీక్షలు చేశారో రాయి. "20 శాతం" అంటే బరువులోనా, ఘనపరిమాణంలోనా అన్నదీ ఉండాలి. ఫ్లైయాష్ సిమెంటు కన్నా బాగా తేలిక కాబట్టి రెండూ ఒకటి కావు. నీళ్ల నిష్పత్తి 0.42 అని ఇచ్చావు. అది సిమెంటు ఒక్కదానితోనా, సిమెంటూ ఫ్లైయాష్ కలిపితేనా? ఈ ఒక్క ప్రశ్నకే వైవాలో సగం బ్యాచ్‌లు నీళ్లు నములుతాయి.

మిక్స్ డిజైన్ లెక్క ఆరు పేజీలు వద్దు. ఐఎస్ 10262:2019 ప్రకారం చేశామని, టార్గెట్ బలం 30 + 1.65 × 5 = 38.25 (చదరపు మి.మీ.కు న్యూటన్లలో; 5 అన్నది కోడ్ ఇచ్చిన ప్రామాణిక విచలనం) అని చెప్పి, ఘనమీటరుకు ఏది ఎన్ని కిలోలో నాలుగు మిశ్రమాలకూ ఒకే పట్టికలో పెట్టు. పూర్తి లెక్క అనుబంధంలోకి పోతుంది. క్యూబుల (బలం చూడటానికి పోసి పగలగొట్టే కాంక్రీటు దిమ్మెల) లెక్క కూడా ఒక్క వాక్యమే: నాలుగు మిశ్రమాలు, మూడు వయసులు (7, 28, 56 రోజులు), ఒక్కోదానికి మూడు చొప్పున 36 క్యూబులు.

ఇక అసలు గొడవ 5.3 పట్టిక. 30 శాతం మిశ్రమానికి 28 రోజుల బలం 33.2 అని ఇచ్చావు. అనుబంధంలో చూస్తే మూడు క్యూబులు పగిలిన లోడ్లు 742, 751, 560 కిలోన్యూటన్లు. 150 మి.మీ. క్యూబు ముఖం 22,500 చదరపు మి.మీ. కాబట్టి బలాలు 33.0, 33.4, 24.9. మూడో దాన్ని పక్కన పెట్టేసి రెండిటికే సగటు తీశావు, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఐఎస్ 456:2000 చెప్పేదేమిటంటే, ఏ క్యూబూ సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ పోకూడదు. మూడిటి సగటు 30.4. అందులో 85 శాతం 25.8. నీ 24.9 దానికి కిందే ఉంది. అప్పుడు ఆ ఒక్క క్యూబును కాదు, ఆ శాంపిల్‌నే చెల్లనిదిగా లెక్కగట్టాలి. నచ్చని అంకెను తీసేయమని కోడ్‌లో ఎక్కడా లేదు.

కాబట్టి మూడు అంకెలూ పట్టికలో పెట్టి, శాంపిల్ చెల్లదని కింద రాయి. టైముంటే ఆ ఒక్క సెట్ మళ్లీ పోయండి. 28 రోజులు ఆగాలి కాబట్టి ఈ వారమే పోయాలి. క్యూబు ఎందుకలా పగిలిందో ల్యాబ్ నోట్‌బుక్‌లో వెతుకు. మామూలుగా కారణం, మూడు పొరలకూ తలా 35 పోట్లు సరిగా పడకపోవడం, లేదా పోతపోసినప్పటి పైముఖాన్ని మెషీన్‌లో పైకే పెట్టడం. ఆ ముఖం గరుకుగా ఉంటుంది, పక్కకు తిప్పి పెట్టాలి. నోట్‌బుక్‌లో ఏమీ దొరక్కపోతే కారణం తెలియదనే రాయి.

బలాలకు దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు. 32.978 అని రాస్తే మెషీన్ అంత సూక్ష్మంగా చూపిస్తుందా అని అడుగుతారు.

ఫలితాలు, చర్చ నువ్వు కలగలిపేశావు. ఫలితం అంటే "28 రోజులకు 20 శాతం మిశ్రమం బలం 36.9. ఫ్లైయాష్ లేనిదానికి 39.6. అంటే 6.8 శాతం తక్కువ." ఇంతే. "కొంతమేర తగ్గినట్లు గమనించబడింది" అంటే ఏమీ చెప్పనట్టే. ఎందుకు తగ్గిందన్నది చర్చలో రావాలి. సిమెంటు గట్టిపడేటప్పుడు వెలువడే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో ఫ్లైయాష్ నిదానంగా కలుస్తుంది, అందుకే మొదట్లో వెనకబడుతుంది. మీ 56 రోజుల అంకెలు (41.2, 42.0) దగ్గరపడ్డాయి కదా, ఆ మాటకు సాక్ష్యం మీ దగ్గరే ఉంది. దాన్ని వాడుకోకుండా ఎవరి పేపర్లో వాక్యమో తెచ్చి పెట్టావు. ఇంకో మాట, 36.9 అనేది 30 దాటింది గానీ 38.25 అందుకోలేదు. అదీ నువ్వే రాసెయ్. వాళ్లు అడిగేదాకా ఆగకు.

లిటరేచర్ రివ్యూలో పేపరుకో పేరా చొప్పున పేర్చావు. అలా కాకుండా 20 శాతం లోపు వాడినవాళ్లకు ఏం వచ్చింది, పైన వాడినవాళ్లకు ఏం వచ్చిందని గుంపులుగా చెయ్యి. ప్లేజరిజం (ఇతరుల రాతను కాపీ కొట్టడం) గురించి అడిగావు. 2018 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌లకు 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. బీటెక్‌కు మీ కాలేజీ ఎంత పెట్టిందో గైడ్‌ను అడుగు. చదివిన పేపర్ మూసేసి రాస్తే సాఫ్ట్‌వేర్ భయం ఉండదు, మాటలు అటూ ఇటూ మారిస్తే ఉంటుంది.

ఫార్మాట్‌కు మీ యూనివర్సిటీ షీటు ఉంటుంది, దాన్నే పట్టుకో. బైండింగ్ కోసం ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదలమని చాలాచోట్ల అడుగుతారు. పట్టిక పేరు పైన, బొమ్మ పేరు కింద. త్రీడీ బార్లు తీసెయ్, వాటిలో ఎత్తు సరిగా కనపడదు. నిలువు అక్షం సున్నా నుంచి మొదలుపెట్టు. 25 నుంచి మొదలుపెడితే చిన్న తేడా కూడా కొండంత కనిపిస్తుంది. విషయసూచిక చేత్తో టైపు చేశావు, ఇప్పటికే మూడు పేజీ నంబర్లు తప్పు. హెడింగ్ స్టైల్స్ పెడితే వర్డే తయారుచేస్తుంది. అన్నట్టు, 11 చోట్ల "కాస్టెడ్" అని ఉంది. ఇంగ్లీషులో కాస్ట్‌కు భూతకాలం కూడా కాస్టే!

సవరించిన డ్రాఫ్టుతో పాటు ల్యాబ్ నోట్‌బుక్ పేజీల ఫోటోలు పంపు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూస్తాను. ముందు ఆ మూడు క్యూబుల సంగతి మీ గైడ్‌కు చెప్పు.

నాన్న