చిన్నూ, గాలి పెంచకు

చిన్నూ,

మురుకుల డబ్బా కింద పేపర్లో చుట్టి పెట్టిన సామాన్లు ముందు తీసి దాచుకో, ఆ తర్వాతే డబ్బా హాస్టల్ రూములో వాళ్ల చేతికివ్వు. ఆదివారం నీ ప్రాజెక్టుకి చేస్తున్న నీళ్ల రాకెట్ సంగతి సగంలో ఉండగానే ఫోను కోసం వెనక నిలబడ్డ పిల్లాడు గొడవ మొదలుపెట్టాడు కదా, అందుకని మిగతాది రాస్తున్నా.

నువ్వు చెప్పినదాన్నిబట్టి, సీసాలో కొన్ని నీళ్లు పోసి, మూతికి బిరడా బిగించి, పంపుతో గాలి కొడితే బిరడా ఊడి సీసా లేవడం బాగానే లేస్తోంది, కొంచెం పైకి వెళ్లాక పల్టీలు కొట్టి పక్కకి పడుతోంది. దానికి నువ్వు అనుకున్నదేమో బిరడాకి టేపు చుట్టి, ఇంకా గట్టిగా బిగించి, ఎక్కువ గాలి కొడదామని. వద్దు నాన్నా. నాకు భయం ఉన్నమాట నిజమే కానీ, అసలు లోపం అక్కడ లేదు.

లెక్క వేసి చూడు. పంపు గేజి మీద గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ చూపినప్పుడు బిరడా ఊడితే ఆ చిన్న మూతి లోంచి నీళ్లు తన్నే బలం మొదట్లో సుమారు 150 న్యూటన్లు, అంటే 15 కిలోల బరువుని మోసేంత. నీ రాకెట్ నీళ్లతో కలిపి కిలో కూడా ఉండదు. ఇంక బలం తక్కువెక్కడుంది? పైగా ఆ నీళ్లన్నీ ఒక సెకనులో పదో వంతు, అటూ ఇటుగా అంతలోనే అయిపోతాయి. ఆ తర్వాత పైకి వెళ్లేది ఖాళీ సీసానే, వచ్చిన వేగంతో ముక్కు ముందుకు పెట్టుకుని గాలిని చీల్చుకుంటూ పోవాలి. అది నిలబడలేకపోతే నువ్వు 60 కొట్టినా అంతే, ఇంకా జోరుగా పల్టీ కొడుతుంది.

అందుకే ముందు దారం పరీక్ష చెయ్. నీళ్లు లేకుండా రాకెట్‌ని వేలి మీద పెట్టి ఎక్కడ సమంగా నిలుస్తుందో చూడు, అదే దాని గురుత్వ కేంద్రం, అక్కడ దారం కట్టి టేపు వేసి, గ్రౌండులో తల చుట్టూ గిరగిరా తిప్పు. ముక్కు ముందుండి సాగితే సరే. తోక ముందుకొస్తే, లేదా అడ్డంగా తిరిగితే, ముక్కులో బరువు చాలలేదని, లేదా రెక్కలు చిన్నవని. ముక్కులోకి పంపిన బంకమన్ను కొంచెం కొంచెం పెడుతూ మళ్లీ తిప్పు. బరువు పెరిగితే ఎత్తు తగ్గుతుందని నీ అనుమానం, మరీ ఎక్కువైతే నిజమే, కానీ మరీ తేలికైన సీసాని గాలి తొందరగా ఆపేస్తుంది, కాబట్టి కాస్త బరువు మంచిదే. రెక్కలకి పాత ప్లాస్టిక్ ఫైలు కత్తిరించు, అట్ట అయితే తడిసి వంగిపోతుంది. గ్లూ గన్ మాత్రం సీసాకి తగలనివ్వకు, ఆ వేడికి ప్లాస్టిక్ ముడుచుకుని అక్కడే బలహీనపడుతుంది. డబుల్ సైడ్ టేపు చాలు.

మన మేడ మీద నుంచి నువ్వు చూసే రాకెట్ల దగ్గరా ఇదే గొడవ. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మొదటిసారి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3, అదే ఉపగ్రహాల్ని మోయడానికి మనవాళ్లు చేసిన రాకెట్, బంగాళాఖాతంలో పడింది కదా, దానికి బలం లేక కాదు, రెండో దశలో దిశని అదుపు చేసే ఏర్పాటు దెబ్బతిన్నందుకు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఇక ప్రాజెక్టు సంగతి. ఎంత ఎత్తు పోయింది అన్నది పిల్లలు చప్పట్లు కొట్టడానికి. జడ్జి అడిగేది ఎందుకు అంత పోయిందని. మీ క్లాసులో ఒకడు రెడీమేడ్ కిట్ కొనుక్కొచ్చాడని దిగులుపడ్డావు, పడకు, ఆ కిట్టుతో పాటు గ్రాఫ్ రాదు. నువ్వు నీళ్లు మాత్రమే మారుస్తూ పో, 2 లీటర్ల సీసాలో 200, 400, 600, 800 మిల్లీలీటర్లు, ఒక్కోటీ మూడేసి సార్లు. నీళ్లు ఎక్కువైతే గాలికి చోటు తగ్గి బరువు పెరుగుతుంది, తక్కువైతే తన్నడానికేం మిగలదు. మామూలుగా మూడో వంతు దగ్గర బాగా లేస్తుందంటారు, నీ గ్రాఫ్ ఏం చెబుతుందో చూద్దాం, ఇంకోలా వస్తే ఇంకోలానే రాయి, దిద్దకు. బిరడా ప్రతిసారీ ఒకే లోతుకి వెళ్లాలి, లేకపోతే ఒక్కోసారి ఒక్కో ప్రెషర్ దగ్గర ఊడుతుంది, అందుకే దాని మీద స్కెచ్‌తో గీత పెట్టాను. ఊడినప్పుడు గేజి ఎంత చూపిందో కూడా నోట్ చేసుకో.

ఎత్తుకి ప్రొట్రాక్టర్, దారం, దానికి కట్టిన నట్టు చాలు. లాంచర్‌కి 30 మీటర్ల దూరంలో ఒకణ్ని నిలబెట్టు, రాకెట్ అన్నిటికంటే పైకి చేరినప్పుడు వాడు చూసే కోణం 40 డిగ్రీలు వస్తే టాన్ 40 అంటే 0.84, దాన్ని 30తో హెచ్చిస్తే 25 మీటర్లు, వాడి కన్ను ఎత్తు కలుపు. గాలికి పక్కకి పోయినవి లెక్కలోంచి తీసెయ్.

జాగ్రత్తలు ఫోన్లో చెప్పినవే. కూల్‌డ్రింక్ సీసానే వాడు, అది గ్యాస్ ప్రెషర్ తట్టుకునేలా చేస్తారు, మంచినీళ్ల సీసా పల్చన. గీతలు, నొక్కులు పడ్డది పారెయ్. కళ్లద్దాలు పెట్టుకో. ఎంత కొట్టినా బిరడా ఊడకపోతే దాని మీదకి వంగి చూడకు, పంపు దగ్గరే ఉండి గాలి వదిలెయ్, దానికోసమే ఇంత పొడుగు ట్యూబు పెట్టించాను.

ఇంకోటి, కింద పడగానే పరిగెత్తి సీసా లోపలికి చూడు. చాలాసార్లు తెల్లగా మంచు కమ్మినట్టుంటుంది. నొక్కి పెట్టిన గాలి ఒక్కసారిగా విడిచేసరికి చల్లబడి, అందులోని ఆవిరి నీటి చుక్కలవుతుంది. కనిపిస్తే ఫొటో తీయమని సార్‌ని అడుగు, చార్టులో పెట్టుకోవచ్చు.

వాల్వు, బిరడా నీకే. పంపు మాత్రం మామయ్యది, గేజి ఉన్నది షాపులో అదొక్కటే, దసరాకి వచ్చేటప్పుడు మర్చిపోకుండా తీసుకురా.

అమ్మ